చీటీలోని ఊరు

పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక అయిజలో మా ఇంటి అరుగు మీదికి ముగ్గురు పిల్లలు వచ్చారు. ఇద్దరు అబ్బాయిలు, ఒక అమ్మాయి. యవ్వనస్థుల బృందంతో నేపాల్ వెళ్తున్నారట, పన్నెండు రోజులు. "తాతా, ప్రార్థన చేసి పంపు" అన్నారు. చేశాను. వాళ్లు మెట్లు దిగి వెళ్లాక చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. ప్రార్థనతో పాటు చెప్పాల్సిన మాటలు కొన్ని నా దగ్గరే మిగిలిపోయాయి.

1999 మే నెలలో నేనూ ఇట్లాగే ఏడుగురు యవ్వనస్థులను వెంటబెట్టుకొని దక్షిణాఫ్రికాలోని నేటాల్ ప్రాంతానికి వెళ్లాను. అప్పుడు నాకు నలభై నాలుగేళ్లు. బడిలో లెక్కల మాస్టారిని, సంఘంలో యూత్ పెద్దను. మండేలా పదవి దిగిపోతున్న ఏడు అది. గోడల నిండా ఎన్నికల పోస్టర్లు. మూడు వారాలుండి వచ్చాం. వచ్చిన కొత్తలో ఆ ప్రయాణాన్ని నా జీవితంలో గొప్ప ఘట్టంగా చెప్పుకొనేవాణ్ని. ఏళ్లు గడిచేకొద్దీ అందులో నేను చేసిన తప్పులు ఒక్కొక్కటే పైకి తేలాయి. అవి మీకు అక్కరకు వస్తాయని రాస్తున్నాను, బిడ్డలారా. తీరిక చేసుకొని చదవండి.

1. మనం చేరకముందే దేవుడు ఆ ఊరు చేరి ఉంటాడు.

డర్బన్ నుంచి సముద్రం పక్కగా, చెరకు తోటల మధ్య ఉత్తరానికి దాదాపు గంట పోతే స్టాంగర్ పట్నం వస్తుంది. ఇప్పుడు దాన్ని క్వాడుకూజా అంటున్నారు. ఆ చుట్టుపక్కల ఒక సంఘంలో మొదటి సాయంత్రమే నాకు మాట్లాడే అవకాశం ఇచ్చారు. నేను లేచి, సముద్రాలు దాటి తెలుగువాళ్లం మీకు సువార్త తెచ్చాం అన్నాను. ఎవరూ కాదనలేదు. కూడిక అయ్యాక ఆ సంఘ పెద్ద ఒకాయన టీ కప్పు నా చేతికిచ్చి, పక్కన కూర్చోబెట్టుకొని, "జాన్ రంగయ్య గారి పేరు విన్నారా?" అని అడిగారు. నేను వినలేదు.

ఆయన నెమ్మదిగా చెప్పుకుంటూ పోయారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి కూలీలతో ట్రూరో అనే ఓడ డర్బన్ రేవుకు చేరింది. అప్పటి నుంచి 1911 దాకా అట్లా వచ్చినవాళ్లు 1,52,184 మంది. ఐదేళ్ల ఒప్పందం, మగవాళ్లకు మొదటి ఏడాది నెలకు పది షిల్లింగుల జీతం. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. కియర్స్‌నీ అనే చోట టీ తోటల్లో పనిచేసే తెలుగు కూలీలకు వాక్యం చెప్పేవాళ్లు లేరని నెల్లూరు వైపు తెలుగు బాప్టిస్టులు కానుకలు పోగుచేశారు. తమ హోమ్ మిషనరీ సొసైటీ తరఫున రంగయ్య గారిని 1903లో ఓడ ఎక్కించారు. ఆ ఏడాది డిసెంబరులోనే కియర్స్‌నీలో తెలుగు సంఘం ఏర్పడింది. 1915లో కన్నుమూసే దాకా ఆయన ఆ పని వదల్లేదు.

మన పాలమూరు పల్లెల్లో తెల్లదొరలు ఇంకా గుడారాలు వేసుకొని తిరుగుతున్న రోజుల్లో ఒక తెలుగువాడు మిషనరీగా సముద్రం దాటాడు. ఆయన పోయిన తొంభై ఆరేళ్లకు నేను పోయి, మొదటివాణ్ని నేనే అన్నట్టు మాట్లాడాను. ఆ పెద్దాయన నన్ను నలుగురిలో సరిదిద్దకుండా టీ ఇచ్చి పక్కకు పిలిచి చెప్పారు చూడండి, ఆ సంస్కారం ముందు నేను తెచ్చిన వర్తమానాలన్నీ చిన్నబోయాయి. మీరు నేపాల్ ఎక్కడికి వెళ్తున్నారో ఆ ఊరి సంఘం ఎప్పుడు పుట్టింది, దానికోసం ఎవరు దెబ్బలు తిన్నారు, ఎవరు జైలుకు పోయారు, ఇవన్నీ తెలుసుకొని వెళ్లండి. బ్యాగు సర్దుకోవడం ఆ తర్వాత.

2. భాష ఒకటైనా చెవి ఒకటి కాదు.

నేను మూడు వర్తమానాలు తెలుగులో సిద్ధం చేసుకొని వెళ్లాను. పేర్లు మనవే కదా అన్న ధీమా. నాయుడు అక్కడ 'నైడూ' అయ్యాడు; పిల్లల నాలుక మీద ఇంగ్లీషు తప్ప మరో భాష లేదు. వాళ్ల ఇళ్లల్లో తెలుగు తరాల కిందటే పలచబడిపోయింది. నలభై నిమిషాలు నేను చెబుతూనే ఉన్నాను, వాళ్లు మర్యాదగా కూర్చునే ఉన్నారు.

మర్నాడు పొద్దున మేం దిగిన ఇంటికి ఒక ముసలమ్మ వచ్చింది. ఎనభైకి దగ్గర్లో ఉంటుంది. చేతిలో అట్ట ఊడిన నోటుపుస్తకం. అందులో మన కీర్తనలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకొని ఉన్నాయి. వాళ్లమ్మ పాడుతుంటే చిన్నప్పుడు విని రాసుకుందట. ఒకటి పాడింది. రాగం తప్పలేదు, పలుకు మాత్రం కొంచెం వంకర పోయింది. పాడి, ఒక మాట కింద వేలు పెట్టి, దీనికి అర్థమేమిటి అని అడిగింది. ఆ మాట 'నెనరు'.

నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. "దేవుని కృప లాంటిదమ్మా" అని తోచింది చెప్పాను. ఆమె తలూపి, పెన్సిలు అడిగి తీసుకొని, ఆ మాట పక్కన నేను చెప్పింది రాసుకుంది. ఇంటికొచ్చాక నిఘంటువు తీసి చూశాను. ప్రేమ, దయ, అభిమానం అని ఉంది. నా జవాబు మరీ దూరం పోలేదు, కానీ ఆమె డెబ్బై ఏళ్లు అడగడానికి మనిషి కోసం ఎదురుచూసిన మాటకు నేను ఊహించి జవాబు చెప్పాను. అర్థం తెలియకుండానే ఆమె ఆ మాటను నోట నిలుపుకుంది. పొద్దుగూకులూ తెలుగులో బతికే నేను పోగొట్టుకున్నాను. తెలియదు అన్న మాట నేపాలీలో ఎట్లా అంటారో ముందు అది నేర్చుకోండి.

3. అడగకుండా తీసిన ఫొటో దొంగిలించిన సొమ్ము.

మా కాలంలో ముప్పై ఆరు ఫొటోలు పట్టే రీలు. వాటిలో పద్దెనిమిది చెప్పుల్లేని పిల్లలవి. ఒక్కరి పేరూ నాకు తెలియదు. మా ఊరి సీడ్ పత్తి చేలల్లో మన పిల్లల్ని ఎవరో అట్లా ఫొటో తీసుకొనిపోయి దూరదేశంలో గోడకు అంటిస్తే మనకెట్లా ఉంటుందో ఆలోచించండి. మీ చేతుల్లో ఫోన్లున్నాయి, రీలు అయిపోదు. అందుకే మీకు ఈ మాట నాకంటే ఎక్కువ అవసరం.

4. పని చేతికి దొరికిందంటే ఎవరి చేతి పనో అడగాలి.

రెండో వారం మమ్మల్ని ఒక చిన్న బడికి తీసుకెళ్లారు. గోడలకు రంగు వెయ్యాలి. మావాళ్లు ఉత్సాహంగా వేశారు. ఒక్కడికీ అంతకుముందు కుంచె పట్టిన అలవాటు లేదు. బడి ప్రహరీ బయట చెట్టు కింద నలుగురు మగవాళ్లు కూర్చొని పొద్దుగూకేదాకా మమ్మల్నే చూశారు. వాళ్లకు మాతో ఏదో మాట్లాడాలని ఉందేమోనని ప్రార్థనకు పిలిచాను. ఒకాయన లేచి వచ్చాడు. తాను రంగులు వేసేవాణ్నని, ఏడాదిగా పని లేదని, ఈ పని ఎవరికిస్తారా అని నెల నుంచి అడుగుతున్నానని చెప్పాడు. కోపం లేకుండానే చెప్పాడు.

అయిజ మనిషికి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. పాలమూరు లేబరంటే దేశమంతా తెలుసు. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు ఎక్కడ కట్టినా మనవాళ్ల చెమట ఉంది. పని కోసం పెట్టేబేడా సర్దుకొని పోవడమంటే ఏమిటో మా ఇంట్లోనే చూశాను. అట్లాంటి ఊళ్లో పుట్టి, ఇంకో ఊరి మేస్త్రీ నోటి దగ్గరి కూడు పుణ్యం పేరుతో తీసేశాను. విమాన టికెట్లకు పెట్టిన డబ్బులో పదో వంతు ఆ బడికి పంపి ఉంటే ఆ నలుగురూ నెల రోజులు పనిచేసుకొనేవాళ్లు, గోడలూ చక్కగా ఉండేవి. మేం వేసిన రంగు ఆర్నెల్లకే పొలుసులు లేచిందని తర్వాత ఉత్తరం వచ్చింది.

5. స్నేహితుడిగా వెళ్లు, దొరగా వెళ్లకు.

మా నాయన ఒక మిషన్ బంగళాలో తోటమాలి. ఆ దొర మంచివాడు. జ్వరమొస్తే తానే మందు కలిపి ఇచ్చేవాడు. అయినా మా నాయన ఆ వరండా మెట్ల మీద ఏనాడూ కూర్చోలేదు. కూర్చోమని దొరా అనలేదు, అనాలని ఇద్దరికీ తోచలేదు. నిలబడే మందు తాగి, నిలబడే దండం పెట్టి వచ్చేవాడు.

మన ప్రాంతపు సంఘాల చరిత్ర ఇట్లాంటి మంచితనంతోనే నిండి ఉంది. నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రాంతాల్లో అమెరికా నుంచి వచ్చిన మెనొనైట్ బ్రదరెన్ మిషనరీలు పనిచేశారు. గద్వాల మొదట అమెరికన్ బాప్టిస్టుల చేతిలో ఉండి 1937లో వీళ్లకు వచ్చింది. వాళ్లు బడులు పెట్టారు, ఆస్పత్రులు పెట్టారు. మా ఇంట్లో మొదటిసారి అక్షరం వెలిగింది వాళ్ల వల్లే. ఆ రుణం నేను మరువను. కానీ దోర్నకల్ బిషప్ కావడానికి రెండేళ్ల ముందే, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్య గారు లేచి, మీరు ఎన్నో త్యాగాలు చేశారు, మాకు స్నేహితుల్ని కూడా ఇవ్వండి అని దొరలందరి ఎదుటా అడిగారు. ఆ అడగడంలో ఎంత బాధ ఉందో మా నాయన నిలబడిన మెట్లు తెలిసినవాణ్ని కాబట్టి నాకు అర్థమవుతుంది.

దొరల బిడ్డల్లోనూ ఆ మాట విన్నవాళ్లున్నారు. పాల్ హీబర్ట్ అని ఒకాయన, 1932లో శంషాబాదులో పుట్టాడు. మన పాలమూరు జిల్లాలో కొండూరు అనే ఊళ్లో కూర్చొని, ఏ కులం ఎవరితో ఎట్లా మెలగుతుంది, పంచాయితీలు ఎట్లా తెగుతాయి, జబ్బు చేస్తే జనం ఎవరి దగ్గరికి పోతారు అని ఒక్కొక్కటే విని 1971లో పుస్తకం వేశాడు. చెప్పడానికి వచ్చినవాళ్ల ఇంట పుట్టి వినడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత మిషనరీలకు పాఠాలు చెప్పే పెద్ద పండితుడయ్యాడు.

ఇదంతా తెలిసిన నేను నేటాల్లో ఏం చేశానో వినండి. ఒక జులూ ఇంటికి తీసుకెళ్లారు. ఇంట్లో ఉన్నది ఒక్కటే కుర్చీ. అది నాకు వేశారు. నేను కూర్చున్నాను. ఆ ఇంటి పెద్దాయన, నా కంటే పదిహేనేళ్లు పెద్దవాడు, గంటసేపు గోడకు ఆనుకొని నిలబడ్డాడు. మా నాయన నిలబడినట్టే. ఆ పోలిక నాకు అక్కడ తట్టలేదు. తిరుగు ప్రయాణంలో విమానం సముద్రం మీద ఉండగా తట్టింది.

అక్కడికి పక్కనే గ్రూట్‌విల్. 1960 నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఆల్బర్ట్ లుథూలీ గారి ఊరు. గుడిలో వాక్యం చెప్పే మనిషి ఆయన. 1938లో మద్రాసు దగ్గర తాంబరంలో జరిగిన క్రైస్తవ మహాసభకు మన దేశం వచ్చి వెళ్లాడు. ఆ ఊరి మీదుగా మా వ్యాను రెండుసార్లు పోయింది. ప్రోగ్రాంలో లేదని నేను ఆపనివ్వలేదు.

6. చట్టం తెలుసుకోకపోవడం విశ్వాసం అనిపించుకోదు.

వీసా దరఖాస్తులో ఎందుకు వెళ్తున్నారు అన్న చోట, చర్చి కూడికలకు అని రాయాల్సింది, చూడ్డానికి అని రాశాను. ఏడుగురి కాగితాల్లోనూ నా చేత్తోనే రాశాను. అట్లా అయితే తొందరగా వస్తుందని ఎవరో చెప్పారు. అక్కడ దిగాక ఒక అధికారి మాలో చిన్నవాణ్ని ఎందుకొచ్చావని అడిగాడు. వాడు అబద్ధం రాని పిల్లవాడు, నా వైపు చూశాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తు. మమ్మల్ని వదిలేశారు, ఏమీ కాలేదు. కానీ సత్యం చెప్పడానికి బయలుదేరిన ప్రయాణం నా చేతిరాతలో అబద్ధంతో మొదలైంది.

మీ విషయం ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు. అందుకని అదేదో పక్క జిల్లా అనుకోకండి. 2015 నాటి ఆ దేశ రాజ్యాంగం 26వ అధికరణం ఎవరి మతం వాళ్లు ఆచరించుకోనిస్తుంది, మరొకరిని మతం మార్చడాన్ని నిషేధిస్తుంది. 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న శిక్షాస్మృతి ప్రకారం మతం మార్చినా, మార్చడానికి పూనుకున్నా ఐదేళ్ల దాకా జైలు, 50,000 నేపాలీ రూపాయల దాకా జరిమానా. పరదేశి అయితే శిక్ష ముగిశాక దేశం నుంచి పంపించేస్తారు. ఆ చట్టం న్యాయమా కాదా అన్నది వేరే మాట. మీరు కరపత్రం పంచిపెట్టి పన్నెండో రోజు బస్సెక్కుతారు. పదమూడో రోజు పోలీసులు తట్టేది మీకు అన్నం పెట్టిన వాళ్ల తలుపు. అక్కడి అయ్యగారు ఏది వద్దంటే అది మానుకోండి, ఎందుకని అడగకండి.

7. సముద్రం దాటేవాడు ముందు ఊరి కాలువ దాటాలి.

ఇది రాయడానికి చాలా వెనకాడాను.

సీడ్ పత్తి మన నడిగడ్డలో ఎట్లా పండుతుందో మీకు తెలుసు. సాయంత్రం మొగ్గ విప్పి మగభాగం తీసేస్తారు, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి రుద్దుతారు. ఒక్కో పువ్వుకూ ఒక్కో మనిషి వేలు తగలాలి. చిన్న వేళ్లయితే మొగ్గ నలగదని పిల్లల్ని పెట్టేవాళ్లు. ఇప్పుడు చాలా తగ్గింది; ఆ రోజుల్లో ఈ క్రాసింగ్ మొదలైందంటే నా తరగతిలో సగం బెంచీలు ఖాళీ. రాజోలిబండ కాలువ అవతల చేలల్లో ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన పిల్లలు గుడిసెల్లో ఉండేవాళ్లు. పొద్దున్నే మంచులో, మొన్నే మందు కొట్టిన చెట్ల మధ్య.

1998 చలికాలమంతా నేను ఆ ఖాళీ బెంచీల ముందు కూర్చొని హాజరు పట్టీలో గైర్హాజరు గుర్తులు పెట్టి, సాయంత్రాలు ఆఫ్రికా ప్రయాణానికి ప్రార్థన కూడికలు నడిపాను. ఆఫ్రికా పిల్లల కోసం కన్నీళ్లతో ప్రార్థించాను. ఆ కన్నీళ్లు నిజమైనవే. కాలువ దాటి ఆ గుడిసెల దగ్గరికి ఒక్క సాయంత్రం పోలేదు. సైకిలు మీద పోతే ఇరవై నిమిషాలు. మా తోటి మాస్టారు ఒకాయన, సంఘానికి సంబంధం లేని మనిషి, రోజూ పోయేవాడు. లాంతరు పెట్టుకొని ఆ పిల్లలకు ఎక్కాలు చెప్పి వచ్చేవాడు. అయిదారుగురిని తిరిగి బడికి తెచ్చాడు. నన్ను ఒకసారి రమ్మన్నాడు. పాస్‌పోర్టు పనిలో ఉన్నానన్నాను.

మీరు వెళ్లొద్దని నేను చెప్పడం లేదు. వెళ్లేలోగా రెండు నెలలు ఉన్నాయి. ఇటుక బట్టీల దగ్గర, చేల దగ్గర పరాయి భాష మాట్లాడే కూలీలు మన మండలంలోనే ఉన్నారు. పరదేశిని కలుసుకోవడం అక్కడ మొదలుపెట్టండి.

8. కానుకకు లెక్క చెప్పడం కూడా ఆరాధనే.

సంఘంలో ఒక అవ్వ ఉండేది. క్రాసింగ్ కూలీకే పోయేది. ప్రయాణానికి కానుకలు పట్టిన రోజున కొంగుముడి విప్పి నాలుగు పదిరూపాయల నోట్లు పళ్లెంలో వేసింది. మడతలు పడి, చెమటకు మెత్తబడిన నోట్లు. నేనే లెక్కపెట్టాను కాబట్టి గుర్తు.

తిరిగొచ్చాక గుడిలో తెల్లగుడ్డ కట్టి స్లైడ్లు చూపించాను. విమానం, డర్బన్ సముద్రం, పెద్ద పెద్ద రోడ్లు, చెప్పుల్లేని ఆ పిల్లలు. అందరూ ఆహా అన్నారు. చివర అవ్వ లేచింది. "సారూ, నా పైసలు యాడ వెట్టినవ్?" అంది. "దేవుని పనిలో అవ్వా" అన్నాను. ఆమె కూర్చోలేదు. "అది ఎరికే. ఎవరికైనా ఒక్కరికి ముట్టినయా? పేరు చెప్పు. రోజూ ఆళ్ల పేరు దలచి ప్రార్థన జేసుకుంట."

నా దగ్గర పేరు లేదు. మూడు వారాలు తిరిగాను, వందమందితో చేతులు కలిపాను, ఒక్క మనిషి పేరు ఆమెకు ఇవ్వలేకపోయాను. ఆ కీర్తనల ముసలమ్మ పేరైనా చెప్పొచ్చు కదా అని మీరనుకోవచ్చు. అప్పటికి ఆ ముసలమ్మ నాకు ముఖ్యమైన మనిషిగా తోచలేదు; స్లైడుల్లో ఆమె లేదు. అవ్వ రెండేళ్లకు చనిపోయింది. ఆలోగానైనా ఆమె ఇంటికి వెళ్లి కూర్చొని చెప్పి ఉంటే సరిపోయేది. మా ఇంటికి నాలుగు ఇళ్ల అవతలే ఉండేది.

మీకు కానుక ఇచ్చినవాళ్ల పేర్లు ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఒక్కో పేరు ఎదురుగా అక్కడ మీరు కలిసిన ఒక మనిషి పేరు రాయండి. తిరిగొచ్చి ఇంటింటికీ వెళ్లి చెప్పండి. మైకులో కాదు.

9. ఇచ్చిన మాట వెళ్లేటప్పుడు తేలిక, ఇంటికొచ్చాక బరువు.

మేం బయలుదేరే ముందురోజు ఆ ముసలమ్మ మళ్లీ వచ్చింది. ఒక చీటీ నా చేతిలో పెట్టింది. నేటాల్‌కు వచ్చిన ప్రతి కూలీకీ ఒక నంబరు ఉండేది. ఓడ జాబితాల్లో ఆ నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాసేవాళ్లు. తన తాతది ఆమె కొడుకు డర్బన్‌లో వెతికించి రాయించాడు. నంబరు, పేరు, ఆ కింద జిల్లా వైజాగపటం. ఊరి పేరు ఏ తెల్ల గుమాస్తా చెవికి ఎట్లా వినపడిందో అట్లా రాసుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కొని చదివితే 'చెప్పూర్‌పుల్లీ' లాగా ఉంది. "మా తాత ఊరు కనుక్కుని ఉత్తరం రాస్తావా?" అని అడిగింది. రాస్తానమ్మా అన్నాను. చీటీని బైబిల్లో పెట్టుకున్నాను.

ఆ పేరు గల ఊరు లేదని మనసులో తేల్చేసుకున్నాను. ఎవరినీ అడగలేదు. బైబిలు మార్చినప్పుడు చీటీ కూడా కొత్తదాంట్లోకి మారింది. పదిహేనేళ్లు.

2014లో చుట్టాల పెళ్లికని శ్రీకాకుళం వైపు రైల్లో పోతున్నాను. విజయనగరం దాటాక ఒక స్టేషనులో బండి ఆగింది. కిటికీలోంచి పసుపుపచ్చ బోర్డు కనబడింది. అలవాటుగా పైకి చదివాను. చీపురుపల్లి. మళ్లీ చదివాను. వెంటనే బైబిలు తీసి చీటీ చూశాను. తెలుగు చెవితో ఒక్కసారి గట్టిగా పలికి ఉంటే ఏనాడో తెలిసేది. తిరుగు ప్రయాణంలో అక్కడ దిగాను.

ఊళ్లో ఎవరికీ ఆ తాత పేరు తెలియదు. తెలియడానికి నూరేళ్లు దాటిపోయింది. టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన మాత్రం చీటీని కళ్లకు దగ్గరగా పెట్టుకొని చూశాడు. ఈ పక్క నుంచి రంగం (రంగూన్) పోయినోళ్లు ఎక్కువ, ఆఫ్రికా పోయినోళ్లూ ఉన్నారని మా పెద్దోళ్లు అనేవాళ్లు అన్నాడు. చీటీ తిరిగి ఇస్తూ, "ఏటి బాబూ, ఆడక్కడ సుకంగా బతికాడా? పెళ్లీ పిల్లలూ ఉన్నారా?" అని అడిగాడు. తనకేమీ కాని మనిషి గురించి అట్లా అడిగాడు.

ఇంటికొచ్చి ఆ రాత్రే ఉత్తరం రాశాను. ఊరు దొరికిందని రాశాను, ఆ పెద్దాయన అడిగింది అడిగినట్టే రాశాను. నాలుగు నెలలకు ఆమె మనవడి నుంచి జవాబు వచ్చింది, ఏడు పేజీలు. నాయనమ్మ 2006లోనే పోయింది. నాయనమ్మ తాత ఒప్పందం తీరాక కూరగాయల తోట వేశాడు, ఆరుగురు పిల్లలు, ఒకడు బడి పంతులయ్యాడు, ఇట్లా అందరి గురించీ రాశాడు. తనను పెంచిన నాయనమ్మ గురించి ఒక పేజీ నిండా రాశాడు. నేను అదంతా తెలుగులో తిరగరాసి, టీ కొట్టు చిరునామాకు, ఆ పెద్దాయనకు పంపాను. ఆ పేజీలో ఒక ఇంగ్లీషు మాట దగ్గర కలం ఆగింది. చాలాసేపు ఆలోచించి, అక్కడ 'నెనరు' అని రాశాను.